దాపటా, ఎలపటా

గాలి ఇంకా తిరగలేదు. బీజాన్ చూపుడువేలు నోట్లో తడిపి పైకెత్తి చూసింది, పడమటి వైపే చల్లగా తగిలింది, అంటే ఇంకా ఒడ్డు మీదినుంచి సముద్రంలోకే పోతోంది, అది ఆగాలి, ఆగి తిరగాలి, నీళ్ళ మీదినుంచి ఇటు రావాలి, అప్పుడుగాని రేడియోతో నడిచే ఈ బొమ్మవిమానం ఎత్తేది లేదని ఆమె మొగుడు ఖండితంగా చెప్పేశాడు. ఇప్పుడు ఎత్తితే బ్యాటరీలో బలం అయిపోయిన చోటునుంచి గాలి దాన్ని సముద్రంలోకే మోసుకుపోతుంది, జువ్వలదిన్నె పల్లెకారులు ఎంత గజ ఈతగాళ్ళైనా తరిమి పట్టుకోలేరు. సముద్రపు గాలిలో ఎత్తితే, బలం చచ్చాక అదే ఇంటివైపుకు తోస్తుంది. ఇంటివైపుకు అంటే మనవైపుకు, అనుకుంది బీజాన్. మనవైపుకు అంటే మనుషులవైపుకు. ఆ మాట ఆయన అనలేదు. ఈతచాప మీద మోకాళ్ళూని కూర్చుని, పుట్టిన బిడ్డను తడిమినట్టు విమానాన్ని వేళ్ళతో తడుముకుంటున్నాడు ఖాదర్ బాషా, ముక్కునుంచి తోకదాకా, తోకనుంచి ముక్కుదాకా. వెదురుబద్దలు, జీలుగుబెండు, పైన గాలిపటాల కాగితం, కాగితం మీద గంజి, గంజి మీద వార్నీషు. బారచాపిన చేతులంత రెక్కలు. ఇంత చేసీ అది చంకలో బిడ్డకన్నా తేలిక. తేలికైనది ప్రమాదం కాదని ఎవరన్నారు, గాజుపెంకు తేలిక కాదా, నోరు జారిన మాట తేలిక కాదా.

నూరు ఎక్కడుంది? వెనక్కి తిరిగి చూసింది. తాటాకు పాక నీడలో, ఎండుచేపల గుట్ట పక్కన, మాలకొండమ్మ ఒళ్ళో ఉంది. మాలకొండమ్మ వలల పాక గలావిడ, బోగోలు సంతకు ఎండుచేపలు తెచ్చినప్పుడల్లా తమ రేడియో అంగడి అరుగు మీద గంప దించుకుంటుంది, ఆ పరిచయం. “నీ బిడ్డను నేను పట్టుకుంటాలే బీబమ్మా, నువ్వు నీ మొగుణ్ణి పట్టుకో” అంది పొద్దున్నే, పొగాకు నములుతూ. నూరుకు రెండో ఏడు. నడక కొత్త, పరుగు అంతకన్నా కొత్త. పాక సముద్రానికి ఎదురుగా నిలబడితే కుడివైపున, కాస్త వెనగ్గా ఉంది. అంత దూరం చాలదేమో. ఆ పాక వెనకాల సరుగుడు తోపులో అయితే ఇంకా బాగుండేదేమో, కానీ తోపులో పాములుంటే. ఇంటి దగ్గరే వదిలి వస్తే అత్త చూసుకునేది, కానీ అత్తకు మధ్యాహ్నం కునుకు, బావికి మూతపలక లేదు. ఎక్కడ పెట్టినా బిడ్డ చుట్టూ ఏదో ఒకటి నోరు తెరుచుకునే ఉంటుంది. తల్లి అయ్యాక భూమి మీద నున్నటి చోటు ఒక్కటీ మిగలదు.

మద్రాసులో నూనె ఇంజను విమానాలు ఎగరేసేవాళ్ళున్నారట, అవి లేచేముందు దగ్గుతాయి, పొగ కక్కుతాయి, వేలితో తిప్పి తిప్పి చస్తేగాని పంకా అందుకోదు. ఇది అలాంటిది కాదు, కరెంటుది, మూర్ మార్కెట్టులో మిలిటరీ పాత సరుకులోంచి ఏరుకొచ్చిన మోటారు, మిలిటరీ బ్యాటరీ. తీగ కలిస్తే చాలు, చెప్పాపెట్టకుండా గిర్రుమంటుంది. మొరిగే కుక్క కరవదంటారు, ఇది మొరగని జాతి. అందుకే వరస. నమాజుకు ముందు వజూ చేసేటప్పుడు కడగడానికి చేతులు, నోరు, ముక్కు, ముఖం అని వరస ఉన్నట్టే దీనికీ ఉంది, ఆమె దాన్ని కంఠతా పట్టింది: ముందు చేతిలోని పెట్టె వెలిగించాలి, ఆ తర్వాతే విమానం కడుపులోని రేడియో, మోటారు తీగ అన్నిటికంటే చివర, దిగాక మాత్రం అన్నిటికంటే ముందు అదే ఊడదీయాలి, పంకాకు ఎదురుగా నిలబడకూడదు, పక్కనా నిలబడకూడదు, తోకవైపునుంచే చేయి పెట్టాలి. మోటారు తీగ ఇప్పుడు ఊడదీసే ఉంది. చూసింది. ఉంది. మళ్ళీ చూసింది. ఎర్రతీగ చివర ఆయన కట్టిన గుడ్డపేలిక గాలికి ఊగుతోంది, ఉంది, ఊడదీసే ఉంది.

వరస తెలియక కాదు ఆయన కన్ను పోయింది. తెలిసే పోయింది. బ్యాటరీకి కరెంటు ఎక్కించేటప్పుడు మూతల మరలు వదులు చేయాలి, లోపల మండే గాలి పుడుతుంది, దానికి దారి ఉండాలి, అంగడికొచ్చిన వాళ్ళందరికీ ఆయనే చెప్పేవాడు. ఆ సాయంత్రం యుద్ధం వార్తలు వినడానికి అంగడి ముందు జనం విరగబడి ఉన్నారు, ఆయన మనసు జనంలో ఉంది, ఒక మూత బిగిసిపోయి ఉంది. నడిమింట్లో టప్పుమని చప్పుడు, కెవ్వుమని ఒక కేక, ఆయన కళ్ళల్లో బ్యాటరీ యాసిడ్. ఆమె నూరును చాప మీద పడేసి, అవును, పడేసి, కడివెత్తి కళ్ళల్లో పోసింది, ఆయన తల వెనక్కి విరిచిపట్టి పోస్తూనే ఉంది, కడివ అయిపోయేదాకా. ఆ నీళ్ళే రెండో కన్ను నిలబెట్టాయన్నాడు నెల్లూరు డాక్టరు. ఒక కడివకు ఒక కన్ను. ఇంకో కడివ ఉండుంటే? ఆ రోజు నూరు ఏడుస్తోందని ఆమె రెండోసారి బావికి పోలేదు. ఎవరూ అడగలేదు ఆ సంగతి, ఎవరికీ తెలియదు కూడా, కానీ నీళ్ళు తోడేటప్పుడల్లా చేద పైకొస్తూ అదే అడుగుతుంది. మిగిలిన కన్ను కూడా నిండు కన్ను కాదు, దగ్గరివి కనిపిస్తాయి, తాటిచెట్టంత దూరం దాటితే పొగమంచులో చూసినట్టేనట. ఇప్పుడు బ్యాటరీకి పెరట్లో మునగచెట్టు కింద రాతి మీదే కరెంటెక్కించడం, మూతలు ఆమె వదులు చేస్తుంది, ఆమె బిగిస్తుంది, కరెంటెక్కినంతసేపూ ఆ ఛాయలకు బీడీ తాగేవాణ్ణి రానివ్వదు.

అలాంటి మనిషి మళ్ళీ విమానం అన్నాడు. కన్ను పోయాక అన్నీ వదులుకున్నాడు, రేడియోల్లో సన్నపు సీసం అతుకుల పని వదులుకున్నాడు, సైకిలు వదులుకున్నాడు, ఒక్కటి మాత్రం అటక మీదినుంచి దించుకున్నాడు. వైర్‌లెస్‌కు పర్మిషను తెప్పించుకోవడానికే కాళ్ళరిగేలా తిరిగా గదా, బొమ్మకోసమా అని ఊరంతా నవ్వింది గదా, అది ఎగరకుండానే నా చూపు ఆరిపోతే ఎట్లా అన్నాడు. ఆమె వద్దంది. వద్దని ఏడ్చింది. అప్పుడాయన ఏమీ కోపగించుకోకుండా, “నా కన్ను అందేదాకా నేను తోల్తా, ఆపైన నువ్వు చెప్పు. నువ్వు చెప్పిందే చేస్తా” అన్నాడు. అన్నం వడ్డించమన్నంత తేలిగ్గా అన్నాడు. తన పెళ్ళినాటినుంచి ఆమెను ఎవరూ ఏదీ చెప్పమనలేదు. చెయ్యమన్నారు, పెట్టమన్నారు, ఊరుకోమన్నారు.

“వదినా, ఆ తాడిట్టా పట్టుకో!” క్రీస్తురాజు కేకేశాడు. బిట్రగుంట లోకో షెడ్డులో ఫైర్‌మన్, ఖాదర్ బాషాకు చిన్ననాటి జతగాడు, బొగ్గు పారపట్టిన చేతులు, విమానాన్ని విసిరేది అతనే. ఇసక మీద పొడవాటి మోకుతాడు పరిచి జనాన్ని దాని వెనక్కి తోలుతున్నాడు. జనం ఎక్కణ్ణించి వచ్చారో, గాలికోసం ఆగిన కొద్దీ పోగయ్యారు, తెప్పలు ఒడ్డుకు లాగి వచ్చిన పల్లెకారులు, ఎండుచేపలకు వడ్లు మారకమేయడానికి బుచ్చిరెడ్డిపాలెంనుంచి బండ్లు తోలుకొచ్చిన రైతులు. “ఈ తాడు దాటినోణ్ణి దాటినట్టే తెప్పకు కట్టి సముద్రంలోకి తోస్తా, ఆనక నన్ననబాకండి” అంటున్నాడు క్రీస్తురాజు. “తోస్తే తోయబ్బయా, మాకు సముద్రం కొత్తా?” అని ఒక పల్లెకారు కుర్రాడు అంటే అందరూ నవ్వారు. కామాక్షయ్య అనే రైతు, తలగుడ్డ తీసి చెమట తుడుచుకుంటూ, “ఏందయ్యా ఇది, పందిరికేసే కాయితం మాదిరుండాది. ఇది ఎగిరేదేంది, మేం చూసేదేంది?” అన్నాడు. “ఎగరకపోతే నీ వడ్లబస్తా నాది” అన్నాడు క్రీస్తురాజు. “అదేం లెక్కరా, ఎగిరితే గదా నేనియ్యాల!” ఖాదర్ బాషా కూడా నవ్వాడు. బీజాన్ నవ్వలేదు. ఇంతమంది. ఇంతమంది ముఖాలు, ఇన్ని జతల కళ్ళు, బోర్లగించిన మట్టిమూకుళ్ళలాంటి ఇన్ని తలలు, వీటిలో ఒక్కదాని మీదికి వచ్చినా చాలు.

ఖాదర్ బాషా విమానాన్ని రెక్కల కింద రెండు వేలికొసల మీద నిలబెట్టి చూశాడు. ముక్కు కొద్దిగా కిందికి వాలింది. వాలాలి. తోక బరువైతే తలెత్తుకుని లేచి, లేచినట్టే వెల్లకిలా పడుతుందట. “తల కొంచెం వంచుకోనుండాల” అన్నాడు. అదే మాట ఆమెకు పెళ్ళిలో నలుగురు ముత్తైదువలు నాలుగు రకాలుగా చెప్పారు, అప్పుడు కారణం చెప్పలేదు. తర్వాత దాని కడుపులోని రబ్బరు మెలితిప్పాడు, పేలిక చుట్టినట్టు ముళ్ళు ముళ్ళు పడేదాకా. ఆ రబ్బరు బలంతోనే తోకరెక్క తిరుగుతుంది, అది తిప్పడం మరిచిపోతే పెట్టె మీద మీట ఎంత నొక్కినా వినేవాడుండడు. ఆమె వేలితో మెలికలు తడిమి చూసింది. బిగువుగా ఉన్నాయి. క్రీస్తురాజు విమానాన్ని ఎత్తుకుని ఒడ్డు వెంట దూరంగా నడిచాడు, మోటారు తీగ ఊడదీసే ఉంది, పేలిక ఊగుతోంది, ఆమె విమానం తోక కనిపించేలా అతని వెనకే పోయి నిలబడింది, అక్కణ్ణించి ఆయన చిన్నగా కనిపించాడు, పెట్టెకున్న ఏరియలు పూర్తిగా లాగకుండా పొట్టిగా పెట్టి నొక్కుతున్నాడు, దూరాన పొట్టి ఏరియలుకే వింటే ఆకాశంలో పొడుగు ఏరియలుకు తప్పక వింటుందట. ఒక్క నొక్కు, నొక్కిపట్టు, తోక కుడికి. వదులు, నేరుగా. రెండు నొక్కులు, నొక్కిపట్టు, తోక ఎడమకు. అంతే దాని చదువు. మీట ఒకటే, మాటలు రెండే. విన్నప్పుడల్లా ఆమె కొంగు పైకెత్తి ఊపింది. వింటోంది. వింటోంది. ఇప్పుడు వింటోంది.

కుడి, ఎడమ. ఎంత సులువు. ఆరో తరగతిలో డ్రిల్లు అయ్యోరు తమకు ఎదురుగా నిలబడి, కుడిచేయి అని తన చేయి ఎత్తితే, ఆమె ఆయన్ను చూసి అదే పక్క చేయి ఎత్తేది, అది ఎడమ అయ్యేది, బెత్తం పడేది. ఎదురుగా ఉన్న మనిషి కుడి మన ఎడమ అని అర్థమయ్యేలోపు ఆమె పెద్దమనిషి అయింది, బడి ఆగిపోయింది, కుడి ఎడమల లెక్క అక్కడే ఆగిపోయింది. ఆగిన లెక్క మొన్న బోగోలు బీడుపొలంలో మళ్ళీ మొదలైంది. మొదటిసారి ఎగరేసినప్పుడు, అది తిరిగి తమవైపే వస్తోంది, తుమ్మచెట్టుకు నూరు ఉయ్యాల, ఉయ్యాల తప్పించాలంటే కుడికి పోవాలి, ఆమెకు కనిపించే కుడికి, “కుడి, కుడి!” అని ఆమె అంది, ఆయన కుడే నొక్కాడు, అది తన కుడికి తిరిగింది, అంటే సరిగ్గా ఉయ్యాలవైపుకు. రెక్క కొస ఉయ్యాల గుడ్డను చీల్చుకుంటూ పోయి గట్టుకు కొట్టుకుంది. నూరు నిద్ర కూడా లేవలేదు. ఎవరి తప్పనీ ఆయన అనలేదు, విరిగిన రెక్క ఏరుకుంటూ, “మనకు వేరే మాటలు గావాల” అన్నాడు.

మాటలు ఆమే తెచ్చింది, పుట్టింటినుంచి. నాయన మహబూబ్ బాషా జోడెడ్ల బండి తోలేవాడు, అల్లూరు ఉప్పు, కావలి చింతపండు. కాడికి రెండు పక్కలా కట్టిన రెంటిలో ఎడమది దాపటెద్దు, కుడిది ఎలపటెద్దు. ముందునుంచి చూసినా, వెనకనుంచి చూసినా, బావిలోంచి తొంగిచూసినా దాపటది దాపటదే. చూసేవాడితో దానికి పనిలేదు. చిన్నప్పుడు బండికి ఎదురుగా నడుస్తూ ఏ ఎద్దు కొమ్ము విరిగిందని నాయన అడిగితే ఆమె ఎన్నడూ తప్పు చెప్పలేదు. విమానాన్ని కూడా అట్లా అనుకుంటే? దానికో కాడి, ఎడమ రెక్క దాపట, కుడి రెక్క ఎలపట, ఎటు తిరిగున్నా ఎడ్లు మారవు. ఆయన విని, “ఒక నొక్కు ఎలపట, రెండు నొక్కులు దాపట” అన్నాడు, అంగట్లో కొత్త పాఠం రాసుకుంటున్నట్టు. అప్పటినుంచి పెరట్లో, కాగితంతో చేసిన బొమ్మవిమానం ఆమె చేత్తో ఎటుపడితే అటు తిప్పుతూ, ఒకరినొకరు ఎన్నిసార్లు పరీక్ష పెట్టుకున్నారో. పెరట్లో తప్పలేదు. పెరట్లో మునగాకు తప్ప ఏదీ రాలలేదు.

విమానం మళ్ళీ చాప దగ్గరికి వచ్చేసరికి గాలి పడిపోయింది. ఉన్నట్టుండి. ఎండిన వలలు ఊగడం మానేశాయి, గుడ్డపేలిక వేలాడిపోయింది, అలల చప్పుడు దగ్గరికొచ్చింది. ఆ నిశ్శబ్దంలో ఎవరో దగ్గారు. ఇప్పుడు వద్దంటే? ఇప్పుడు కడుపునొప్పి అంటే, నూరుకు ఒళ్ళు వెచ్చగా ఉందంటే, ఆయన ఆగుతాడు. ఆగుతాడు, ఇంటికొస్తాడు, దీన్ని మళ్ళీ అటకెక్కిస్తాడు, ఏమీ అనడు. ఏమీ అనని ఆ ముఖం ఆమెకు తెలుసు, అన్నం ముందు కూర్చుని గిన్నె ఎక్కడుందో చేత్తో వెతుక్కునే ముఖం. తడిపిన వేలు ఎత్తింది. ఏమీ లేదు. ఏమీ లేదు. తర్వాత వేలికి తూర్పు పక్క, సన్నగా, నాలుక ఆనించినట్టు.

“తిరిగిందయ్యా” అంది.

వరస. చేతిపెట్టె, ఏరియలు పొడుగుగా లాగడం, కడుపులోని రేడియో, తోక ఇటు, తోక అటు, నేరు. తాడు వెనక జనం. పాకలో నూరు. క్రీస్తురాజు విమానాన్ని పొట్టకింద పట్టి తలకన్నా ఎత్తున లేపాడు, ముక్కు సముద్రంవైపు. ఆమె బిస్మిల్లా అనుకుని తోకవైపునుంచి చేయి పెట్టి తీగ కలిపింది. గిర్రుమంది. జీలుగుబెండు వణుకు ఆమె మోచేతిదాకా పాకింది, చేయి తీసేసింది, వేళ్ళు చూసుకుంది, అన్నీ ఉన్నాయి, పరిగెత్తి ఆయన పక్కన నిలబడింది. “వదలమంటావా బాషా?” “వదులు!” క్రీస్తురాజు నాలుగంగలు ఉరికి తోశాడు, విసరలేదు, తోశాడు, నీళ్ళల్లోకి తెప్పను తోసినట్టు. అది కొంచెం కుంగింది. అల తలమీదుగా అది లేచింది.

జనం ఓయని అరిచారు, ఆపైన అరుపు ఆగిపోయింది. తేనెటీగ మోతలాంటి సన్నటి మోత, అంతే, పొగ లేదు, మంట లేదు, గాలిపటాల కాగితంలోంచి పొద్దుటి ఎండ నారింజరంగుగా కనిపిస్తోంది, లోపలి వెదురుబద్దలు చేపముళ్ళలా కనిపిస్తున్నాయి. ఇంత అందంగా ఉంటుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. అందంగా ఉన్నదాన్ని చూస్తూ ఉండిపోకూడదు, చెప్పాలి. “యాడుండాది?” అన్నాడాయన, కన్ను చికిలించి. “తెప్పలు దాటింది, నేరుగా పోతావుండాది, ఎత్తుండాది.” “నాకిక అందడంలే. చెప్పు.” అప్పుడే. ఇంత తొందరగానే. “దాపట” అంది. ఆయన రెండు నొక్కులు నొక్కి పట్టాడు. ఎడమరెక్క వాలింది, విమానం ఒరిగింది, ఎక్కువసేపు పట్టకూడదు, పడితే ముక్కు కిందికేసుకుని సుళ్ళు తిరుగుతుంది. “వదులు. మళ్ళా దాపట. వదులు.” తిరుగుతోంది. ఆమె చెప్పినట్టు తిరుగుతోంది. ఆకాశంలో ఒక వస్తువు ఆమె మాట వింటోంది, ఇంట్లో అత్త వినదు, బిడ్డ వినదు, బర్రె వినదు, ఇది వింటోంది. “దాపట. వదులు.” పూర్తిగా తిరిగి ఇప్పుడు ఇటే చూస్తోంది, మోత కొంచెం పెరిగింది, గాలి వెనకనుంచి తోస్తోంది, తోసేసరికి ఎంత వేగం వచ్చిందో.

“ఓయబ్బ! ఈయమ్మ గాల్లో ఎడ్లు తోలతావుండాదిరో!” అన్నాడు కామాక్షయ్య. జనం గుప్పుమని నవ్వారు. నవ్వితే నవ్వారు, అక్కడితో ఆగలేదు. బండి తోలిన ప్రతివాడికీ ఆ మాటలు సొంత మాటలు, కళ్ళముందు కాడి కనిపిస్తే నోరు ఊరుకోదు. “దాపట, దాపట! కొట్టు దాపటదాన్ని!” అని ఒకరు, “కాదయ్యా, ఎలపటకు లాగాల!” అని ఇంకొకరు, ఎద్దు ముఖమే ఎరగని పల్లెకారు పిల్లలు కూడా ఏది ముందొస్తే అది, తాడు పొడుగునా ఒకటే గోల, దాపట, ఎలపట, దాపట, ఎలపట. “ఎలపట!” అంది బీజాన్. ఆమె గొంతు ఆమెకే వినపడలేదు. నలుగురిలో గొంతు పెంచకూడదని నేర్చిన గొంతు, బావిలో జారిన చేదలా ఎక్కడికో పోయింది. ఆయన బొటనవేలు మీట మీద ఉంది. నొక్కలేదు. తల అటూ ఇటూ తిప్పుతున్నాడు, ఇన్ని అరుపుల్లో ఏది నమ్మాలో తెలియక, “బీజాన్! ఎటు? ఎటు?” అంటున్నాడు.

పాకమీదికి. నేరుగా పాకమీదికి. మాలకొండమ్మ తమాషా చూద్దామని ఎప్పుడు లేచిందో, నూరును ఎత్తుకుని ఎండలోకి వచ్చి నిలబడింది, చేయెత్తి చూపిస్తోంది, చూడు బంగారూ, చూడు అంటున్నట్టుంది, నూరు రెండు చేతులూ పైకి చాపింది, రమ్మని. “ఎలపట!” నోరు మాత్రమే తెరుచుకుంది. పరిగెత్తితే పాక అందదు. అరిస్తే ఆయనకు అందదు. అందేది ఒక్కటే ఉంది, ఆయన వీపు. చెమటకు తడిసిన చొక్కా, కింద రెండు ఎముకలు. ఆమె ఆయన వెనకకు చేరి రెండు చేతులూ ఆయన భుజాల మీద వేసింది. ఎక్కడ నొక్కాలి? కంటికి కనిపిస్తోంది, అది ఎడమకు పోవాలి, తన ఎడమకు, పాకకు దూరంగా, ఎడమచేయి అప్పుడే బిగుసుకుంటోంది, ఎడమ, ఎడమ అంటోంది, ఒళ్ళంతా అదే అంటోంది, బెత్తం దెబ్బ తిన్న చేయి అదే, ఉయ్యాల చీల్చిన నోరు అదే. కాదు. నువ్వు కాదు. నీ ఎడమ కాదు. అది ఎదురుగా వచ్చే బండి, పాకకు దూరపుటెద్దు ఏది, ఎలపటిది, ఎలపటిది కుడి. కళ్ళు మూసుకోవాలనిపించింది, మూసుకోలేదు, కళ్ళు చెప్పేదానికి ఎదురుగా, ఉన్న బలమంతా పెట్టి కుడిచేయి నొక్కింది, గోళ్ళు దిగేలా.

ఆయన ఉలిక్కిపడ్డాడు. ఒక్క నొక్కు. పట్టాడు.

అది ఒరగలేదు. ఒరగలేదు. రబ్బరు, రబ్బరు మెలికలు అయిపోయాయా. ఒరిగింది. పెద్ద ఎద్దు మెడ వంచినట్టు తాపీగా కుడిరెక్క వంచి, పొట్ట చూపించి, పాకకు ఇవతలినుంచే తిరిగింది, దాని నీడ ఇసక మీద ఉరికి మాలకొండమ్మ పాదాల దగ్గరదాకా పోయి పక్కకు జారింది. జనం చప్పుడు ఒక్కసారిగా తెగిపోయింది, తాడు వెనక కొందరు కూలబడ్డారు. ఆమె చేయి వదులు చేసింది. ఆయన మీట వదిలాడు. చేయికీ మీటకూ మధ్య ఇక మాట లేదు. ఇప్పుడు అందరూ నోరు మూసుకున్నారు గదా, చెప్పొచ్చు గదా, చెప్పలేదు, చేతులతోనే తోలింది. ఒడ్డు వెంట ఉత్తరంగా పోతోంది. మోత సన్నబడింది. బలం అయిపోతోంది, మంచిదే, అయిపోనీ. ఎడమచేయి కొద్దిగా నొక్కింది, రెండు నొక్కులు, సముద్రంవైపు పోకుండా, వదిలింది. కుడిచేయి, ఒక నొక్కు. వదిలింది. ఆయన భుజాలు ఎప్పుడు అంత మెత్తబడ్డాయో, చేయి ఆననివ్వడమే ఆలస్యం బొటనవేలు కదులుతోంది, నొక్కాలనుకునేలోపే నొక్కుతున్నట్టుంది. పెళ్ళయి ఇన్నేళ్ళలో చీకట్లో తప్ప ఆ భుజాల మీద ఆమె చేయి పడలేదు. మోత ఆగింది. పంకా నిలబడిపోయింది, రెండు రెక్కలూ విడివిడిగా కనిపిస్తున్నాయి. ఇక అది వట్టి కాగితం, వట్టి గాలి. గాలిలోనే నిదానంగా దిగింది, ఇంకా దిగింది, తడి ఇసక మీద పొట్ట ఆనించి ఒక గీత గీసుకుంటూ పోయి, ఒక రెక్క కొస మీద వాలి ఆగింది. నురుగు దానిదాకా వచ్చి, తాకకుండా వెనక్కి పోయింది.

క్రీస్తురాజు ఉరుకుతున్నాడు, “పంకా ముట్టుకోబాకండిరోయ్, తీగ పీకేదాకా ఎవడూ ముట్టుకోబాకండి!” అని అరుస్తూ. పాక దగ్గర నూరు అది పోయిందని ఏడుపు ఎత్తుకుంది, ఎంత గట్టి ఏడుపు, ఎంత నిండు ఏడుపు. బీజాన్ చేతులు ఇంకా ఆయన భుజాల మీదే ఉన్నాయి. ఆయన కదల్లేదు. పెట్టె రొమ్ముకానించుకుని, బొటనవేలు మీట మీదే ఉంచి, తల పైకెత్తి, ఒంటికన్ను ఖాళీ ఆకాశం వైపు చికిలించి, ఊపిరి బిగపట్టి నిలబడి ఉన్నాడు.

“ఇప్పుడెటు?” అన్నాడు మెల్లగా.

ఆమెకు అప్పుడు తెలిసింది, ఆయనకు కనపడలేదు. ఆయనకు అది ఇంకా పైనే ఉంది.

“ఎటూ లే” అంది. “దిగింది.”

“విరిగిందా?”

“లే.”

“బిడ్డా?”

“ఏడస్తావుండాది, వినపళ్ళా?”

ఆయన విన్నాడు. మీట మీదినుంచి బొటనవేలు తీశాడు, తీసి చొక్కాకు తుడుచుకున్నాడు. జనం తాడు దాటి గుంపుగా ఇటే వస్తున్నారు, ముందు కామాక్షయ్య, తలగుడ్డ చేతిలో పట్టుకుని, అందరి చూపూ ఆమె చేతుల మీదే.

“ఇంక చేతులు తియ్‌మే” అన్నాడు, తల తిప్పకుండానే. “జనం చూస్తావుండారు.”

“చూడనీ” అంది.